రెండో బద్ద

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
జనవరి 20

పెద్దమ్మా,

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. లేకపోతే నువ్వు చివరి పేరా ముందు చదివేసి, మిగతాది తీరిగ్గా చూస్తావని అమ్మ చెప్పింది. బాలే డాన్స్ టీచర్ నన్ను పాయింట్ షూస్ తెచ్చుకోమన్నారు, వేళ్ళ కొస మీద నిలబడి ఆడే బూట్లు!

శనివారం మా ఏడుగురినీ గోడ కమ్మీ పట్టించి నిలబెట్టారు. ఒంటికాలి మీద మడమ లేపి దించాలి, ఇరవై నాలుగుసార్లు. మోకాలు వంగకూడదు, చీలమండ పక్కకి వాలకూడదు. నేను ఇరవై నాలుగూ చేసి, ఆపమని ఎవరూ అనలేదు కదా అని ఇంకో రెండు చేశాను. టీచర్ నవ్వలేదు. ఆవిడ ఎప్పుడూ నవ్వరనుకో. నా పాదం పట్టుకుని కిందికి వంచి, పక్కకి తిప్పి చూసి, "మంచి పాదం. ఇక కొస మీద నిలబడొచ్చు" అన్నారు. ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలీదు.

జూన్‌లో పరీక్ష ఉంది. కొస మీద నిలబడగలిగినవాళ్ళే సీనియర్ క్లాసుకి వెళ్తారు. ఆగస్టులో నాకు పధ్నాలుగు నిండుతాయి, ఆ తర్వాత చిన్నవాళ్ళ క్లాసులో ఉంచుకోరు. అంటే జూన్‌లో పైకన్నా వెళ్ళాలి, బయటికన్నా వెళ్ళాలి. ఇంకో ఏడాది చూద్దాంలే అనడానికి లేదు.

మా క్లాసులో ఒకమ్మాయి వేళ్ళ నుంచి రక్తం కారుతుందంటోంది. ఇంకోమ్మాయి గోళ్ళు ఊడిపోతాయంటోంది. అమ్మనడిగితే, "నాకు బస్సు నడపడం తప్ప ఏం తెలుసు, మా అక్కనడుగు" అంది. అందుకే అడుగుతున్నా. ఎలా ఉంటుంది? నొప్పి ఎంత? ఎన్నాళ్ళు? ఏదీ దాచకుండా చెప్పు.

నువ్వు పాయింట్ షూస్ చేస్తావని చెప్తే టీచర్ మొదటిసారి నా వంక పూర్తిగా తిరిగి చూశారు. నా జత నువ్వే చేస్తావు కదూ? కాగితం మీద నిలబడితే అమ్మ పెన్సిలుతో నా పాదాల చుట్టూ గీసింది, ఇందులో పెట్టాను. డిపోకి టైమైపోతోందని ఎడమ పాదం గబగబా గీసేసింది. ఆ చిటికెన వేలి వంకర నాది కాదు, అమ్మది.

నీ మిడత


కార్ఖానా, పై అంతస్తు, కిటికీ పక్క బల్ల
జనవరి 29

ఒసే మిడతా,

నీ ఉత్తరం జిగురు చేతులతోనే విప్పాను, అందుకని కవరుతోపాటు ఒక మూల ఊడొచ్చింది. ఫోను చేయొచ్చుగా అంటుంది మీ అమ్మ. ఇరవై ఆరేళ్ళు సుత్తి మోతలో నానిన చెవులివి. నువ్వొకటంటే నాకొకటి వినపడి చస్తుంది. కాగితమే మేలు.

సరే, విను. మొదటి విషయం, నువ్వు డాన్స్ చేయబోతున్నాననుకుంటున్నావు. చేయవు. మొదటి నెలంతా క్లాసు చివర్లో పది నిమిషాలు, రెండు చేతులూ కమ్మీ మీద పెట్టి, లేవడం, దిగడం. అంతే. విసుగొస్తుంది. ఆ విసుగే చదువు. హాల్లో నడిస్తే టకటకమని గుర్రాలు పోతున్నట్టు మోత వస్తుంది, సిగ్గుపడకు, అందరికీ అంతే.

నొప్పుంటుంది. లేదని చెప్పేవాళ్ళని నమ్మకు. చర్మం మంట, గోళ్ళ కొసల్లో సలుపు, ఇవి మామూలు. కీలులోపల గానీ మడమ వెనక గానీ పొడిచినట్టు వస్తే మాత్రం వెంటనే దిగి టీచర్‌కి చెప్పు, మొండికెయ్యకు. గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించుకో, మరీ లోపలికి వద్దు. బొబ్బలు చిదమకు. బూటు ముందుభాగంలో దూది కూరుకోకు, కింద నేల ఉందో లేదో కాలికి తెలియకపోతే ఎలా నిలబడతావు? ఇంట్లో తొడుక్కుని తిరిగావని తెలిసిందో, వచ్చి వీపు విమానం మోత మోగిస్తాను.

రిబ్బన్లు నువ్వే కుట్టుకోవాలి. అమ్మ కుట్టకూడదు, నేనూ కుట్టకూడదు. మామూలు దారం తెగుతుంది, పళ్ళ సందుల్లో లాగే దారముంటుందే, దాంతో కుట్టు.

ఇప్పుడు బూటు సంగతి. ముందుభాగం డబ్బా. గోనెగుడ్డ, కాగితం, జిగురు పొరలు పొరలుగా వేసి ఆరబెడితే అది గట్టిపడుతుంది. అడుగున, అరికాలి పొడుగునా, అట్టా తోలూ కలిపి చేసిన బద్ద ఒకటి ఉంటుంది. జనం వేళ్ళ మీద నిలబడతారనుకుంటారు. నిన్ను మోసేది ఆ బద్ద. మరీ మెత్తగా ఉంటే పాదం కూలిపోతుంది. మరీ గట్టిగా ఉంటే పాదం పైకే ఎక్కదు. ఆ రెండింటికీ మధ్య ఎక్కడుండాలో తెలుసుకోవడమే నా ఉద్యోగం.

ఇక్కడ ఎవరి బూటు అడుగున వాళ్ళ గుర్తు ఉంటుంది. నాది బాతు. నా నడక చూసి మేస్త్రీ పెట్టాడు. మా ముఖం ఎవరికీ తెలీదు గానీ, ఎక్కడో ఉన్న పెద్ద పెద్ద డాన్సర్లు బాతు గుర్తే కావాలని కూర్చుంటారు.

నిజానికి మొదటి జత ఎప్పుడూ కొట్లో కొనాలి, పాదానికి తొడిగి చూసే మనిషి ఎదురుగా. గీత చూసి చేయకూడదు. పదిమందికి నేనే చెప్తాను ఈ మాట. నీ విషయంలో మాత్రం వినను. నీ జత నేనే చేస్తాను.

నీ పాదం గీత బల్ల మీద పరిచి చూస్తూ కూర్చున్నాను ఇవాళ. మేస్త్రీ రెండుసార్లు పిలిచాడట. నాకు వినపడలేదు.

నీ పెద్దమ్మ


ఇల్లు, నా మంచం మీద
మార్చి 2

పెద్దమ్మా,

బూట్లు రాగానే ఒక వాక్యం రాసి ఊరుకున్నాను, తప్పే. మంచి కబురుతో కలిపి రాద్దామని ఆగాను. ఆ కబురు ఇంకా రావడం లేదు.

పార్సిల్ అమ్మ డిపో అడ్రసుకి వచ్చింది కదా, అమ్మ ఇంటికి తెచ్చేలోపలే డిపోలో అందరూ చూసేశారట. రిబ్బన్లు నేనే కుట్టాను. మూడుచోట్ల సూది గుచ్చుకుంది. బాతుని చూసి క్లాసులో అందరూ కుళ్ళుకున్నారు.

మొదటి రోజు ఏడుగురమూ తడబడ్డాం, బాగా నవ్వుకున్నాం. రెండో వారానికి ఆరుగురు డబ్బా కొస మీద తిన్నగా నిలబడుతున్నారు. నేను రెండు వేళ్ళ దూరంలో ఆగిపోతున్నాను. ఎంత బలం పెట్టినా అడుగు వంగదు, నన్నే వెనక్కి నెట్టేస్తుంది. ఇరవై నాలుగు చేయలేక మధ్యలో దిగిపోయిన అమ్మాయి కూడా నిలబడుతోంది.

టీచర్ నా బూటు చేతిలోకి తీసుకుని వంచి చూశారు. కాస్త గట్టిగా ఉందే అన్నారు. మళ్ళీ ఆవిడే, "మీ పెద్దమ్మ ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నారు, ఆవిడకి తెలియకుండా ఉంటుందా" అని ఇచ్చేశారు.

నాకూ అదే అనిపించింది. నువ్వు చేసిన బూటులో తప్పుండదు. కాబట్టి తప్పు నాలోనే ఉండాలి. ఎక్కడుందో చెప్పు పెద్దమ్మా, సరిచేసుకుంటాను. రోజుకి ఎన్ని గంటలైనా చేస్తాను.

మిడత


కార్ఖానా
మార్చి 11

మిడతా,

నీ ఉత్తరం చేరింది. పని ఒత్తిడిగా ఉంది, ఎక్కువ రాయలేను.

కొందరి పాదాలు ఆలస్యంగా లొంగుతాయి. కంగారుపడకు. బూటుని తలుపు సందులో పెట్టి వంచడం, సుత్తితో కొట్టడం లాంటి పనులు చేయకు. ఇంకొకరి చేతికి ఇవ్వకు. వేరే జత గురించి కూడా ఆలోచించకు, పాదం దీనికే అలవాటు పడాలి.

అమ్మకి చెప్పు, నేను బాగానే ఉన్నానని.

పెద్దమ్మ


ఇల్లు
ఏప్రిల్ 6

పెద్దమ్మా,

నన్ను కింది క్లాసుకి పంపించేశారు.

టీచర్ తిట్టలేదు. తిడితే బాగుండేది. పక్కకి పిలిచి, కొసదాకా ఎక్కకుండా మధ్యలో నిలబడితే చీలమండ విరుగుతుంది, నీ మేలు కోసమే చెప్తున్నాను అన్నారు. జనవరిలో నీ పాదం గురించి నేను పొరబడ్డానేమో అని కూడా అన్నారు. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు మెత్తటి చెప్పులు వేసుకుని, నా భుజం దాటని పిల్లల వెనక వరసలో నిలబడుతున్నాను. వాళ్ళు అక్కా అక్కా అని నా చేయి పట్టుకుంటారు. అవతలి హాల్లోంచి ఆ ఆరుగురి బూట్ల మోత వినిపిస్తూ ఉంటుంది.

నాకు తెలిసిన వ్యాయామాలన్నీ చేశాను. బీరువా అడుగున వేళ్ళు దూర్చి మోకాళ్ళు బిగబట్టి వంచాను, మెడమీద చెమట కారేదాకా. అమ్మ చూసి కేకలేసింది. ఆ తర్వాత తనే డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా కూర్చుని నా పాదాలకి నూనె రాసింది. నేనేమో స్నానం చేసేటప్పుడు వాటిని తిడుతున్నాను. నిజంగా, నోటితోనే. చెక్క ముక్కల్లారా, మీకేం రోగం అని.

మానేద్దామనుకుంటున్నాను. జూన్‌లో వాళ్ళు పొమ్మనేదాకా ఉండి వెళ్ళడం కన్నా నేనే వెళ్ళిపోవడం నయం కదా. నువ్వేమంటావు?

మిడత


మీ పెద్దమ్మ గది, మేడ మీద
ఏప్రిల్ 15

నా బంగారు మిడతా,

నీ ఉత్తరం చదివి కడుపు తరుక్కుపోయింది. కానీ ఒక్క మాట చెప్పనా? మానేస్తే ప్రపంచమేమీ మునిగిపోదు. నన్నూ పదిహేనో ఏట ఆపేశారు. చెక్క పాదాలు అన్నది మా టీచరమ్మ కూడా, అందరి ఎదుటా. నువ్వు రాసిన మాటే. అప్పుడు నాలుగురోజులు అన్నం ముట్టలేదు. ఐదో రోజు తిన్నాను. ఏమైంది, చచ్చానా? సుబ్బరంగా బతికాను. నా చేతి బూట్లు లేకపోతే పేరున్న డాన్సర్లు స్టేజీ ఎక్కరు.

సెలవులకి ఇక్కడికొచ్చేయ్. డబ్బా ఎలా కట్టాలో, బద్ద ఎలా చెక్కాలో నేర్పిస్తాను. నా పక్క బల్ల ఖాళీగా ఉంది. నీకు మంచి చేతులున్నాయి. మన పాదాలు చేయలేని పని మన చేతులు చేస్తాయి. సాయంత్రాలు ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ వంట చేసుకుందాం. ఎన్నాళ్ళైందే నాతో ఎవరైనా కూర్చుని తిని!

బెంగ పెట్టుకోకు. టీచర్‌కి నువ్వే చెప్పెయ్, మర్యాదగా ఉంటుంది.

నీ పెద్దమ్మ


ఇల్లు
మే 4

పెద్దమ్మగారికి,

టీచర్‌కి మానేస్తానని చెప్పడానికి వెళ్ళేరోజు, దారిలో బూట్లు బాగుచేసే తాత దగ్గర ఆగాను. ఆఖరిసారి ప్రయత్నిద్దామని. అడుగు కొంచెం మెత్తబడేలా చేయగలరా అని అడిగాను. మీరు ఇంకొకరి చేతికి ఇవ్వొద్దన్నారు. ఇచ్చాను.

ఆయన కుడి బూటు వంచి చూసి మొహం చిట్లించారు. లోపలి గుడ్డ ఊడదీసి, సన్నటి కత్తి మొన దూర్చి నెమ్మదిగా లేపారు. బద్ద వచ్చింది. దాని కింద ఇంకో బద్ద ఉంది.

పొరపాటున రెండు పడిపోయాయేమో అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఆ నిమిషంలో కూడా మిమ్మల్నే వెనకేసుకొచ్చాను. ఆయన ఎడమ బూటు విప్పారు. అందులోనూ రెండున్నాయి. రెండోది బయటికి తెలియకుండా అంచులు పల్చగా చెక్కి, మొదటిదాని కింద సరిగ్గా అమరేలా అతికించి ఉంది. ఆయన దాన్ని వేలితో తడిమి, "పని రానివాళ్ళయితే జిగురు బయటికి పొంగేదమ్మా. ఇది బాగా పని తెలిసిన చెయ్యి. కావాలనే చేశారు" అన్నారు.

నాలుగు బద్దలూ తీసుకెళ్ళి టీచర్ బల్ల మీద పెట్టాను. ఆవిడ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని వంచి చూశారు. గట్టిగా ఉందని తెలిసి కూడా మీ పేరు విని ఊరుకున్నందుకు తప్పు తనది కూడా అన్నారు. నన్ను మళ్ళీ పై క్లాసులోకి తీసుకున్నారు. విప్పిన బూట్లు ఇక పనికిరావట. కొట్లో నా కొలత బూట్లు లేవు, తెప్పించడానికి ఆరేడు వారాలు పడుతుందట. పరీక్ష జూన్ 14న.

మూడు నెలలు నా పాదాలు నాకు అబద్ధం చెప్పాయనుకున్నాను. చెప్పింది మీరు. వాటిని తిడుతున్నానని మీకు రాసినప్పుడు కూడా మీకు తెలుసు. చెక్క ముక్కలని రాస్తే, అవును నాకూ అంతేనని ఓదార్చారు.

ఎందుకు? నాకు ఇంకేమీ వద్దు. ఎందుకో చెప్పండి.


మేడ మీద గది
మే 10

తల్లీ,

'మీరు' అన్న మాట చూసి కాగితం కింద పెట్టేశాను. పుట్టినప్పటినుంచి నన్ను 'నువ్వు' అన్న పిల్లవి. నన్ను కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

చెప్పకూడదనుకున్నాను. ఇక తప్పదు. మీ అమ్మే అడిగింది. పొద్దున లేస్తే బస్సులో వందమంది ప్రాణాలు మోసే మనిషి, నీ ఒక్కదాని కాళ్ళ గురించి వణికిపోయింది. పడితే ఏంటి, ఎముక విరిగితే ఏంటి, ఎలాగోలా ఒక ఏడాది ఆపు అక్కా అంది. నీకు వద్దని చెప్పే ధైర్యం దానికి లేదు. నాకూ లేకపోయింది. ఆ వద్దు అనే మాట బూటు చేత చెప్పించాను. చెల్లెలు అడిగితే కాదనలేకపోయాను, అదీ నా తప్పు.

దాన్ని ఏమీ అనకు. తల్లి మనసు అలాంటిది.

పెద్దమ్మ


ఇల్లు
మే 21

పెద్దమ్మగారికి,

మీ ఉత్తరం అమ్మ ముందు పెట్టాను. అమ్మ నిలబడే చదివింది. ఒక్కసారి కాదు, రెండుసార్లు. తర్వాత మడిచి నా చేతికిచ్చి, "అవును, నేనే అడిగాను" అంది.

నేను నాలుగు రోజులు అమ్మతో మాట్లాడలేదు. పెట్టిన అన్నం తోసేశాను. నా పాదాలకి నూనె రాసింది కూడా నాటకమేనా అని అడిగాను. అమ్మ నా కంచం తీసి మూతపెట్టింది. మర్నాడు మామూలుగా డ్యూటీకి వెళ్ళింది. నేను తోసేసిన అన్నం సాయంత్రం వచ్చి తనే తింది.

ఐదో రోజు అడిగాను, ఎప్పుడు అడిగావు, ఉత్తరం రాశావా, ఫోను చేశావా అని. అమ్మ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. ఫోను అంది. పెద్దమ్మకి ఫోనులో వినపడదు కదా అన్నాను. అప్పుడు అమ్మ చేతులు తుడుచుకుని వంటగదిలో నా పక్కన కూర్చుంది. తను ఉత్తరంలో అడిగింది ఒక్కటేనట, ఇది పిల్లకి మంచిదేనా అక్కా అని. మీరు భేషుగ్గా మంచిదే అని రాశారట.

మరి ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే అమ్మ అన్న మాట ఇది. "నువ్వు మా అక్కని అసహ్యించుకుంటే నేను చూడలేను. నన్ను అసహ్యించుకుంటే ఓర్చుకోగలను అనుకున్నాను."

నా బూట్లలో మీరు పెట్టింది ఎలాగోలా మరిచిపోతానేమో. కానీ మా అమ్మని నాలుగు రోజులు నా చేత అలా మాటలనిపించారు. ఏ మొహం పెట్టుకుని రాశారు ఆ ఉత్తరం? దాన్ని ఏమీ అనకు అని కూడా రాశారు.

ఇప్పుడైనా నిజం చెప్పండి. నాకోసం కాదు. అమ్మ రోజూ డ్యూటీ నుంచి వచ్చి అడుగుతోంది, అక్క రాసిందా అని.


కార్ఖానా, మధ్యాహ్నం
మే 27

తల్లీ,

నీకు అబద్ధం చేసి పంపాను. దాన్ని కప్పడానికి మా చెల్లెలి మీద ఇంకో అబద్ధం వేశాను. అది మోస్తుందని తెలిసే వేశాను. చిన్నప్పటినుంచీ నేను పగలగొట్టిన ప్రతి వస్తువుకీ దెబ్బలు తిన్నది అదే.

నీ పాదాలకి ఏమన్నా అవుతుందన్న భయంతో చేశానని రాయడానికి మూడు కాగితాలు చింపాను. కొంత భయం ఉన్న మాట నిజమే. కానీ భయమే అయితే వద్దని రాసేదాన్ని. మూడు ముక్కల్లో అయిపోయేది.

ఆ రోజు నీ పాదం గీత బల్ల మీద పరిచాను. పక్కన నా చెప్పు విప్పి నా పాదం పెట్టి చూశాను. నీ వేళ్ళ వరస, ఆ పొడవు, ఆ వెడల్పు, ఇరవై ఆరేళ్ళుగా నేను ఎవరెవరికో చేస్తున్న బూట్లు అలాంటి పాదాలకే. నాకు రాలేదు. మా ఇంట్లో ఎవరికీ రాదనుకుని సరిపెట్టుకున్నాను. మా ఇంట్లోనే వచ్చింది. బస్సు నడుపుకుంటూ, ఏమీ అడగని మా చెల్లెలి కడుపున పుట్టింది. నాకు అసూయ కలిగింది. ఇంత వయసొచ్చి పదమూడేళ్ళ పిల్ల మీద అసూయపడ్డాను. ఆ మాట రాయడానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా అదే నిజం.

మొదటి బద్ద సరిగ్గానే పెట్టాను. రెండోది నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలీదని రాద్దామనుకున్నాను. తెలుసు. లేచి, నాలుగడుగులు నడిచి, అలమరలోంచి తీసి, అంచులు చెక్కి మరీ పెట్టాను. తిరిగొచ్చే ఆ నాలుగడుగుల్లో ఎక్కడైనా ఆగి ఉండొచ్చు. తర్వాత నువ్వు రాసిన ప్రతి ఉత్తరానికీ ఆగి ఉండొచ్చు. నువ్వు మానేస్తానన్నప్పుడు నాకు సంతోషం వేసింది. సెలవులకి రమ్మన్నది ప్రేమతోనే, అది అబద్ధం కాదు. అయితే నా పక్కన నాలాంటిదాన్ని ఒకదాన్ని కూర్చోబెట్టుకోవాలన్న ప్రేమ అది.

మేస్త్రీకి చెప్పేశాను. నన్ను బల్ల మీంచి తీసేసి ప్యాకింగులో వేశారు, బాతు గుర్తు తీసేసుకున్నారు. అంతకుముందే మేస్త్రీ ఎదుట కూర్చుని ఒక జత చేశాను, ఒకే బద్దతో. ఆయన వంచి చూసి సంతకం పెట్టాడు. ఇవాళే పార్సిల్ వేస్తున్నాను. టీచర్‌కి విడిగా ఉత్తరం రాసి జరిగిందంతా ఒప్పుకున్నాను. చెల్లెలికీ రాశాను.

వేసుకో తల్లీ. పరీక్షకి నీకు వేరే జత లేదు. నెగ్గిన తర్వాత నన్ను ఏమన్నా అను, పడతాను.

పెద్దమ్మ


ఇల్లు
జూన్ 30

పెద్దమ్మగారికి,

పరీక్షకి మీ బూట్లే వేసుకున్నాను. వేరే గతి లేదు.

నిలబడ్డాను. మొదటిసారికే కొసదాకా వెళ్ళాను. కమ్మీ వదిలేయమన్నారు, వదిలేశాను. టీచర్ పదహారు లెక్కపెట్టారు. మిగతా ఆరుగురూ చూస్తూ ఉండిపోయారు. జాబితాలో నా పేరు మొదట రాసి, "జనవరిలో నేను చూసింది ఈ పాదాన్నే" అన్నారు. గుమ్మం దగ్గర అమ్మ డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఏడ్చేసింది.

ఇంటికొచ్చేటప్పుడు అమ్మ బస్సులోనే చివరి సీట్లో కూర్చున్నాను. సంచిలోంచి బూట్లు తీసి వంచి చూశాను. గోటితో అడుగు గీకి చూశాను. ఈసారి ఏం పెట్టారా అని వెతికాను. అప్పుడు పడేయడానికి ఏదో పెట్టారు, ఇప్పుడు నిలబెట్టడానికి ఏదో పెట్టి ఉండొచ్చు కదా. మర్నాడు తాత దగ్గరికెళ్ళి రెండూ విప్పించాను. ఒకటే బద్ద ఉంది. ఇంత చక్కటి పని ఈమధ్య ఎక్కడా చూడలేదన్నారు తాత. నాకు అది కూడా మంచి కబురులా వినిపించలేదు. పదహారు లెక్కపెట్టేదాకా నిలబడింది నేనా, నిలబెట్టింది మీరా? కింద పడేసింది మీ చెయ్యి, పైకి లేపింది మీ చెయ్యి. మధ్యలో నా పాదాలకి ఏం చేతనవునో నాకింతవరకూ తెలియదు.

కొట్టునుంచి బూట్లు పోయిన వారం వచ్చాయి. అడుగున టోపీ గుర్తుంది. ఆ చేసినవాళ్ళెవరో నన్నెప్పుడూ చూడలేదు, నేనంటే వాళ్ళకి ప్రేమా లేదు, కోపమూ లేదు. మడమ దగ్గర కాస్త వదులు. వాటితో మళ్ళీ పరీక్ష పెట్టమని టీచర్‌ని అడిగాను. పాసయ్యాక ఎవరైనా మళ్ళీ అడుగుతారా అన్నారు. ఇందులో నిలబడలేకపోతే పేరు తీసేయాల్సి వస్తుంది, బాగా ఆలోచించుకో అన్నారు. తీసేయండి అన్నాను. అమ్మ సంచి పట్టుకుని గోడ పక్కన నిలబడింది.

ఆరు లెక్కపెట్టేదాకా నిలబడ్డాను. ఎడమ కాలు గజగజ వణికింది. ఏడుకి దిగిపోయాను. టీచర్ నా పేరు మొదటినుంచి తీసి అందరికంటే చివర రాశారు. కానీ ఉంచారు. ఆ ఆరూ నావి. వాటి గురించి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

విప్పిన మీ బూట్లు తాత దగ్గరే వదిలేశాను. ఇకనుంచి ఏమీ చేసి పంపకండి. నాకు ఉత్తరాలు రాయకండి.

అమ్మ మీకు రాస్తుంది. మీరు తన అక్క, అది తన ఇష్టం. నాతో మాట్లాడించమని మాత్రం అమ్మని అడగకండి. మీరు అడిగితే అమ్మ కాదనలేదు. అది మీకు తెలుసు. ఒకసారి వాడుకున్నారు.

మీ చెల్లెలి కూతురు